దేవుడికి కూడా న్యూస్‌లెటరే రాస్తున్నావేమో, చెల్లీ

ఈ వారం ఒక చెల్లి దగ్గర్నుంచి చాలా పెద్ద ఉత్తరం వచ్చింది. తన పేరు, తాను ఉంటున్న దేశం, పంపిన సంస్థ ఏవీ బయటపెట్టొద్దని అడిగింది. అవన్నీ పక్కన పెట్టి విషయం మాత్రం చెబుతాను.

ఆమెకు 24 ఏళ్లు. చదువు అయ్యాక రెండేళ్ల సేవ కోసం ఒక మిషనరీ సంస్థ తరఫున విదేశానికి వెళ్లింది. వెళ్లి తొమ్మిది నెలలైంది. బయల్దేరే ముందు ఆదివారం పెద్దలంతా తల మీద చేతులుంచి ప్రార్థన చేశారట. "మన సంఘం నుంచి వెళ్తున్న మొదటి మిషనరీ" అని పాస్టర్ గారు అంటుంటే వాళ్లమ్మ ఆపుకోలేక ఏడ్చేసిందట. ఖర్చులకు సంఘంలో 22 కుటుంబాలు నెలనెలా డబ్బు పంపుతున్నాయి. వాళ్లలో ఇళ్లలో పని చేసుకుని బతికే ఒక అక్క కూడా ఉంది. "ఆ అక్క పేరు చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది" అని రాసింది.

రోజూ ఐదున్నరకు లేవాలి. ఏకాంత ప్రార్థన, తర్వాత జట్టుగా ప్రార్థన, మూడు గంటల భాషా క్లాసు. మధ్యాహ్నం ఇళ్లకు వెళ్లడం, సాయంత్రం పిల్లలకు పాటలు, కథలు. రాత్రి రిపోర్టు. భాష ఇంకా పట్టుబడలేదు. తనను తాను పరిచయం చేసుకోగలదు కానీ అవతలివాళ్లు బదులు చెబితే అర్థం కాదు. ఎవరూ కసురుకోరట. చిరునవ్వుతోనే తలుపు వేసేస్తారు. ఒక అమ్మాయి రెండు నెలలు వాక్యం చదువుకోవడానికి వచ్చి, తర్వాత మానేసింది. ఈ తొమ్మిది నెలల్లో ఒక్కరు కూడా విశ్వాసంలోకి రాలేదు.

అయినా ప్రతి నెలా ఇంటికి పంపే న్యూస్‌లెటర్‌లో "దేవుడు ఈ నెల గొప్ప తలుపులు తెరిచాడు" అని రాస్తోంది. వారం రిపోర్టులో 14 ఇళ్లను 20 చేసింది. ఒకసారి కాదు, చాలా వారాలు. సోమవారం సెలవు. ఆ సెలవు కూడా న్యూస్‌లెటర్‌కి ఫొటోలు ఏరడంతోనే సరిపోతోంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తోంది, ఆకలి లేదు. ఒకే గదిలో ఉండే సహపరిచారకురాలికి వినిపించకూడదని బాత్రూంలో పంపు తిప్పి ఏడుస్తోంది. ఆ సహపరిచారకురాలు తనకంటే ఐదేళ్లు పెద్ద. ఒక రోజు ఈ అమ్మాయి కళ్లు ఎర్రగా ఉండటం చూసి, "నాగలి మీద చెయ్యి వేసి వెనక్కి చూసేవాళ్లు పనికిరారు" అని వాక్యం చెప్పిందట. జ్వరం వచ్చినప్పుడు మూడు రాత్రులు తడిగుడ్డ వేస్తూ పక్కన కూర్చున్నది కూడా ఆవిడే.

"మోకాళ్ల మీద ఉంటాను అక్కా. మాటలు వస్తాయి. కానీ గది దాటి పోవు. తిరిగి వచ్చేస్తే పిలుపును కాలదన్నినట్టా? ఉండిపోతే అబద్ధంలో బతుకుతున్నట్టా? అసలు నాలో విశ్వాసం మిగిలిందా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

ఉత్తరం మధ్యలో, ఏదో గుర్తొచ్చినట్టు, ఇంకో మాట రాసింది. కింది వాటాలో ఒక ముసలావిడ ఉంటుందట. చూపు ఆనదు. వారానికోసారి పిలిచి సూదిలో దారం ఎక్కించమంటుంది. వారమంతా సరిపోయేలా నాలుగైదు సూదులకు ఎక్కించి వస్తుందట. "అది సేవ కాదు కదా, రిపోర్టులో రాయను" అంది.

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ ప్రశ్నల కోసం చదివాను. రెండోసారి ఆ పంపు దగ్గరే ఆగిపోయాను. నేనూ ఎనిమిదేళ్లు పరాయి దేశంలో సేవలో ఉండి వచ్చినదాన్ని. మొదటి ఏడాది పక్క మంచం మీద మనిషికి వినిపించకుండా దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని. పొద్దున్నే ఆ దుప్పటి మడత పెట్టి స్తుతి పాట పాడేదాన్ని. కాబట్టి నువ్వు ఎక్కడ నిలబడి రాస్తున్నావో నాకు కొంచెం తెలుసు.

పిలుపు గురించి, విశ్వాసం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నీ ఒంటి సంగతి చూడాలి. మూడింటికి మెలకువ, ఆకలి లేకపోవడం, దాచుకుని ఏడవడం ఎన్నాళ్లుగా ఉన్నాయో నువ్వు రాయలేదు. రెండు వారాలు దాటి దాదాపు రోజూ ఇలాగే ఉంటే డాక్టర్ దగ్గరకు వెళ్లు. ఆత్మీయ బలహీనత అని పేరు పెట్టి వాయిదా వేయకు. డిప్రెషన్ జబ్బు. ప్రార్థన చేసేవాళ్లకూ వస్తుంది, దానికి వైద్యం ఉంది. ఇంకొకటి సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? వస్తుంటే మిగతాది చదవడం ఆపేసి, నీ గదిలో ఉన్న ఆ అక్కకైనా సరే ఇప్పుడే చెప్పు. ఆవిడ వాక్యం చెబుతుందేమో అని భయపడకు. మూడు రాత్రులు తడిగుడ్డ వేసిన మనిషి ఆవిడ.

ఏలీయా ప్రవక్త కథ నీకు తెలుసు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని బదరీ చెట్టు కింద పడుకున్నాడు. దూత వచ్చి తట్టి లేపాడు. రొట్టె ఉంది, నీళ్లున్నాయి, తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. ఇక్కడ నీకేం పని అని దేవుడు అడిగింది ఆ తర్వాతే, 40 రోజులు నడిచి హోరేబు కొండ చేరాక. నువ్వు మాత్రం తిండీ నిద్రా లేకుండా తెల్లవారుజామున మూడింటికి కూర్చుని ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నావు.

నీ బాధలో కొంత భాగానికి విశ్వాసంతో సంబంధమే లేదు. పరాయి దేశం వెళ్లిన విద్యార్థులకు, ఉద్యోగులకు, సైనికులకు అందరికీ వచ్చేదే. కల్చర్ షాక్ అంటారు. కెనడాలో పుట్టిన కలెర్వో ఓబర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1960లో దీని గురించి ఒక వ్యాసం రాశాడు. మొదట్లో అంతా కొత్తగా, అందంగా ఉంటుందని, ఆ మోజు తీరాక చిన్న చిన్నవాటికే చిరాకు, మాటిమాటికీ చేతులు కడుక్కోవడం, తాగే నీళ్ల మీద కూడా అనుమానం, ఇంటి మీద భరించలేని బెంగ మొదలవుతాయని వివరించాడు. భాష వచ్చేకొద్దీ అది మెల్లగా తగ్గుతుందనీ చెప్పాడు. "నేనసలు ఇంత బలహీనురాలిని కాదు" అని నువ్వు నాలుగు చోట్ల రాశావు. కాదు కాబట్టే చెబుతున్నాను, ఎంత గట్టి మనిషికైనా ఇది తప్పదు. ఇంట్లో గంటలు గంటలు మాట్లాడే అమ్మాయివి అక్కడ మూడేళ్ల పిల్ల మాటలతో బతుకుతున్నావు. దానికే మనిషి సగం అలసిపోతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉత్తరంలో న్యూస్‌లెటర్ ఒక సమస్య, ప్రార్థన ఇంకో సమస్య అన్నట్టు వేరువేరుగా రాశావు. నాకు రెండూ ఒకటేలా కనిపిస్తున్నాయి. నెలకోసారి 22 కుటుంబాలకు అంతా బాగుందని రాస్తున్నావు. వారానికోసారి లీడర్‌కి అంకెలు పెంచి రాస్తున్నావు. ఆదివారం అమ్మతో నవ్వుతూ మాట్లాడుతున్నావు. ఇన్ని చోట్ల ఒకే గొంతుతో మాట్లాడటం అలవాటైన మనిషి, మోకాళ్ల మీద కూర్చోగానే వేరే గొంతుతో ఎలా మాట్లాడుతుంది? నువ్వు దేవుడికి కూడా న్యూస్‌లెటరే రాస్తున్నావేమో అనిపిస్తోంది. "ప్రభువా, ఈ ప్రజల కోసం నీకు స్తోత్రం, తెరిచిన తలుపుల కోసం స్తోత్రం." మాటలు గది దాటి పోవడం లేదన్నావు. ఆ మాటలు నీ లోపలి నుంచి వచ్చాయా అన్నది ముందు చూడు.

నిన్ను తప్పుపట్టడానికి అనడం లేదు. ఆ అలవాటు నీకు మేమే నేర్పాం. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే గెలిచినవాళ్లనే పిలుస్తాం. "ఇంకా బాధలోనే ఉన్నాను, దేవుడు పలకడం లేదు" అని మైకు ముందు చెప్పినవాళ్లను నేను చాలా తక్కువ మందిని చూశాను. కానీ మన బైబిల్లో 88వ కీర్తన ఉంది. మొదటి నుంచి చివరి దాకా మొరే. చివరి మాట కూడా చీకటి గురించే. దాని తర్వాత ఒక్క స్తుతి వచనం కూడా అతికించకుండా అలాగే ఉంచారు. దాన్ని ప్రార్థన అనే పిలుస్తున్నాం.

ఒక వారం ఇలా చేసి చూడు. పొద్దున ఏకాంత ప్రార్థనలో నీకు అలవాటైన మాటలన్నీ ఆపేయ్. నీ సొంత భాషలో, నిజమైన ఒక్క వాక్యం చెప్పు. "నాకు ఇక్కడ ఉండాలని లేదు" అయినా సరే, "నువ్వు ఉన్నావో లేదో తెలియడం లేదు" అయినా సరే. చెప్పి ఊరుకో. మిగతా సమయమంతా ఊరికే కూర్చో. దీనివల్ల వెంటనే ఏదో జరిగిపోతుందని నేను మాట ఇవ్వలేను. ఏడు రోజులూ ఏమీ అనిపించకపోవచ్చు. కానీ ఆ వారం నువ్వు దేవుడికి అబద్ధం చెప్పకుండా గడుపుతావు. నీలో విశ్వాసం మిగిలిందా అన్న ప్రశ్నకు నేను ఇక్కడి నుంచి జవాబు చెప్పలేను. ఇలా నిజం చెప్పుకోవడం మొదలుపెట్టాక నీకే తెలుస్తుంది.

అమెరికన్ మిషనరీ అడోనిరామ్ జడ్సన్ పేరు నువ్వు ట్రైనింగ్‌లో వినే ఉంటావు. 1813లో బర్మా వెళ్లాడు. మొదటి బాప్తిస్మం 1819లో ఇచ్చాడు. ఈ రెండు తేదీలు అందరూ చెబుతారు. మిగతాది ఎక్కువ మంది చెప్పరు. 1826లో అతను ఇంట్లో లేని సమయంలో భార్య ఆన్ చనిపోయింది. మరుసటి ఏడాది పసిబిడ్డ మరియా కూడా పోయింది. ఆ తర్వాత అతను అడవి అంచున గుడిసె కట్టుకుని ఒంటరిగా ఉండేవాడు. ఒక సమాధి తవ్వించుకుని దాని పక్కన కూర్చునేవాడు. దేవుణ్ని నమ్ముతున్నాను గానీ ఆయన నాకు కనబడటం లేదు అనే అర్థం వచ్చేలా 1829లో ఒక ఉత్తరంలో రాశాడు. అప్పటికి అతను బర్మాకు వెళ్లి 16 ఏళ్లు. బైబిల్ మొత్తాన్నీ బర్మీస్‌లోకి అనువదించడం 1834లో పూర్తి చేసింది ఈ మనిషే.

మదర్ థెరిసా కూడా అంతే. ప్రార్థనలో తనకు ఏమీ వినపడటం లేదని, లోపల అంతా శూన్యమని తన ఆత్మీయ మార్గదర్శకులైన ఫాదర్లకు ఆమె రాసుకున్న ఉత్తరాలు, ఆమె చనిపోయిన పదేళ్లకు, 2007లో అచ్చయ్యాయి. దశాబ్దాల పాటు అలా ఉందట. లోకమంతా ఆమె చిరునవ్వే చూసింది. కానీ గమనించు, నిజం తెలిసినవాళ్లు కొందరున్నారు. ఆమె వాళ్లకు రాసింది. నీకు అలాంటి మనిషి ఒక్కరూ లేరు. నాకు రాయడమే మొదటిసారి అన్నావు. నీ పరిస్థితిలో నాకు అన్నిటికంటే ఆందోళనగా అనిపించింది అదే.

అయితే ఈ కథలను తీసుకుని, "వాళ్లు ఓర్చుకున్నారు, నువ్వూ ఓర్చుకో" అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఇంగ్లండ్ మిషనరీ విలియం కేరీ 1793లో ఇండియా చేరితే మొదటి బాప్తిస్మం 1800 డిసెంబర్‌లో జరిగింది, ఏడేళ్లు ఓపిక పట్టాడు అని చెబుతుంటారు. నిజమే. కానీ ఆ ఏడేళ్లలో అతని భార్య డొరతీ కూడా ఉంది. ఆమె మొదట రానని చెప్పింది. చివరి నిమిషంలో ఒప్పించి తీసుకొచ్చారు. 1794లో ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరిపోయింది, 1807లో చనిపోయే దాకా కోలుకోలేదు. ఓపిక కథ చెప్పేటప్పుడు డొరతీ పేరు కూడా చెప్పాలని నేను ప్రతిసారీ పట్టుబడతాను. ఎవరు ఎంత మోయగలరో చూడకుండా మోయమనడం ఆమె విషయంలో ఎక్కడికి దారితీసిందో మనకు తెలుసు.

ఇప్పుడు ఆ అంకెల సంగతి. 14ని 20 చేయడం చిన్న విషయం కాదు. నీకూ తెలుసు కాబట్టే రాశావు. దాన్ని సరిచేయాలి. లీడర్‌కి నువ్వే చెప్పడం మంచిది. ఇంకొకరి ద్వారా తెలిస్తే నీ మాట మీద నమ్మకం పోతుంది, నువ్వు నిజంగా చేసిన పని మీద కూడా అనుమానం వస్తుంది. నువ్వే చెబితే మాట పడాల్సి వస్తుంది, కొన్నాళ్లు నీ రిపోర్టు అనుమానంగా చూస్తారు. కానీ ఆ రాత్రి నుంచి రిపోర్టు రాయడానికి పది నిమిషాలు చాలు. చెప్పేటప్పుడు సంజాయిషీలు వద్దు. ఎన్ని వారాలు పెంచావో, సుమారు ఎంత పెంచావో, ఇక మీదట చేయనని చెప్పు. ఆ తర్వాత ఇంకొకటి కూడా అడుగు. ఎన్ని ఇళ్లకు వెళ్లావు అన్న గడి ఒక్కటే ఉంటే, భాష రాని మొదటి ఏడాది మనిషి ఆ గడిని ఎలా నింపాలి అని. ఆ ప్రశ్న అడగాల్సిందే. నీ తర్వాత వచ్చే అమ్మాయి కూడా అదే గడి నింపాలి.

న్యూస్‌లెటర్ విషయంలో మాత్రం తొందరపడకు. ఒక్కసారే అందరికీ నీ కన్నీళ్లన్నీ రాసి పంపేస్తే అక్కడ కలకలం రేగుతుంది, మొట్టమొదట మీ అమ్మకే ఫోన్లు వెళ్తాయి. ముందు ఒక్క మనిషికి చెప్పు. నీ డబ్బు మీద, నీ పోస్టింగ్ మీద అధికారం లేని మనిషి అయితే మంచిది. సంఘంలో నువ్వు నమ్మే పెద్దావిడ కావచ్చు, ఇదివరకు విదేశంలో సేవ చేసి వచ్చిన వ్యక్తి కావచ్చు. వారానికోసారి మాట్లాడేలా ఏర్పాటు చేసుకో. ఆ తర్వాత న్యూస్‌లెటర్‌ని మెల్లగా నిజం వైపు తిప్పు. వచ్చే నెల ఇంత రాస్తే చాలు:

"ఈ నెల చివరి వారం 14 ఇళ్లకు వెళ్లాను. రెండు ఇళ్లలో కూర్చోమన్నారు. వాళ్లు మాట్లాడిన దాంట్లో సగం నాకు అర్థం కాలేదు. మనవాళ్లందరి మీద బాగా బెంగగా ఉంది. రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టడం లేదు. భాష కోసం, నిద్ర కోసం ప్రార్థన చేయండి."

చదివి చూడు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? కొందరికి నచ్చకపోవచ్చు. ఒకటి రెండు కుటుంబాలు డబ్బు ఆపేయవచ్చు కూడా. అది జరిగే అవకాశం ఉందని తెలిసే రాయి. ఇళ్లలో పని చేసుకునే ఆ అక్క గురించి మాత్రం నాకు ఒక నమ్మకం ఉంది. రోజంతా కష్టపడి, ఎవరికీ చెప్పుకోకుండా ప్రార్థన చేసుకునే మనిషికి ఈ నాలుగు ముక్కలు నీ పాత న్యూస్‌లెటర్లన్నిటి కంటే బాగా అర్థమవుతాయి. దేనికోసం ప్రార్థన చేయాలో ఆమెకు ఇప్పటిదాకా నువ్వు చెప్పనేలేదు కదా. పిల్లల ఫొటోల విషయం కూడా ఆలోచించు. వాళ్ల తల్లిదండ్రులను అడగకుండా పంపినవి ఉంటే ఆపేయ్.

సోమవారాన్ని నీకు నువ్వు వెనక్కి తెచ్చుకో. మార్కు సువార్త 6వ అధ్యాయంలో శిష్యులను ఇద్దరిద్దరిగా పంపింది యేసే. వాళ్లు తిరిగొచ్చి చేసినవన్నీ చెబితే, తినడానికి కూడా తీరిక లేదు, ఏకాంతంగా వచ్చి కాసేపు అలసట తీర్చుకోండి అన్నదీ ఆయనే. ఫొటోలు ఏరే పని ఇంకో రోజుకు మార్చు.

నీ సహపరిచారకురాలు చెప్పిన నాగలి వాక్యం నిన్ను బాగా కోసినట్టుంది. ఆ వాక్యం లూకా 9వ అధ్యాయంలో ఉంది, బరువైన మాటే. వెంబడిస్తానని చెప్పి, ముందు ఇంటికి వెళ్లి వస్తానన్న మనిషికి యేసు చెప్పిన జవాబు అది. ఇంటి మీద బెంగతో ఏడ్చే పిల్లను అదిలించడానికి చెప్పింది కాదు. పౌలు కూడా ఉత్తరాల్లో ఫలానావాళ్లను చూడాలని ఎంతో ఆశగా ఉందని రాస్తూనే ఉంటాడు. ఆవిడతో ఒక మాట మాట్లాడు. ఇద్దరూ అలసిపోయి ఉండే రాత్రి వద్దు, సోమవారం పొద్దున కూర్చో. "ఆ రోజు మీరు చెప్పిన మాట నాకు చాలా గుచ్చుకుంది అక్కా. నేను ఏడుస్తున్నప్పుడు వాక్యం చెప్పకుండా పక్కన కూర్చోండి చాలు" అను. ఆవిడ ఒప్పుకోవచ్చు, చిన్నబుచ్చుకోవచ్చు. నీకంటే ఐదేళ్లు పెద్ద మనిషి కదా, తన మొదటి ఏడాది ఎలా గడిచిందో కూడా అడుగు. ఆ ప్రశ్న ఆవిడను ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరని నా అనుమానం.

ఇక ఉండటమా, రావడమా. ఇది నీ నిర్ణయమే, నేను తీసుకోను. ఒక్కో దారిలో ఏముందో నాకు తెలిసినంత చెబుతాను.

ఉండాలనుకుంటే, ఇప్పుడున్నట్టుగా ఉండొద్దు. డాక్టర్‌ని కలిసి, లీడర్‌కి నిజం చెప్పి, మూడు నెలల గడువు పెట్టుకుని ఉండు. ఆ మూడు నెలలు ఇళ్లకు వెళ్లడం తగ్గించి భాష మీద ఎక్కువ సమయం పెట్టనివ్వమని అడుగు. గడువు తర్వాత నిద్ర, ఆకలి, మనసు ఎలా ఉన్నాయో ఆ ఒక్క మనిషితో కలిసి చూసుకో. బాగుపడితే మంచిదే. బాగుపడకపోతే, ప్రయత్నించాక వెళ్తున్నాను అన్న స్పష్టత ఉంటుంది. లీడర్ అసలు వినకపోతే, ప్రార్థన చెయ్ అని మాత్రమే అంటే, ఆ జవాబు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వేరే ఊరికో వేరే జట్టుకో మార్చమని అడగవచ్చు. గదిలో గొడవే అసలు బాధ అయితే అది పనిచేస్తుంది. నీ ఉత్తరం చూస్తే అది అసలు బాధ కాదనిపిస్తోంది. పంపు శబ్దం నీతో పాటే కొత్త ఊరికి వస్తుంది. కొన్ని వారాల విశ్రాంతి అడగడం ఇంకో దారి. సంస్థలో అలాంటి ఏర్పాటు ఉందేమో కనుక్కో.

తిరిగి రావాలనుకుంటే, వచ్చే ముందు కొన్ని చూసుకో. ఒప్పందంలో మధ్యలో వస్తే తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిదని ఉందో చదువు. పాస్‌పోర్టు నీ చేతిలో ఉండాలి. మిగిలిన డబ్బుకు లెక్క రాసి 22 కుటుంబాలకూ చెప్పు. ఇంటికి వచ్చిన మొదటి వారం హాయిగా నిద్రపడుతుంది. ఆ తర్వాత ఆదివారం గుడి మెట్ల దగ్గర "ఏంటమ్మా, అప్పుడే వచ్చేశావా?" మొదలవుతుంది. పంపినప్పుడు నిలబడ్డ సంఘమంతా నిన్ను ఎలా చూడాలో తెలియక తడబడుతుంది. ఆ రోజులు చాలా కష్టం, దాచి చెప్పను. పాస్టర్ గారికి ముందే అంతా చెప్పి, సంఘానికి ఆయన నోటితోనే చెప్పించు. అప్పుడు ప్రతి ఒక్కరికీ నువ్వు విడివిడిగా జవాబు చెప్పుకోవాల్సిన పని ఉండదు.

పిలుపును కాలదన్నినట్టా అని అడిగావు. మార్కు అనే యోహాను పెర్గే దగ్గర పౌలు బృందాన్ని వదిలి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో అపొస్తలుల కార్యములలో రాయలేదు. దాని మీద పౌలుకు, అతని తోటి సేవకుడు బర్నబాకు మాటామాటా పెరిగి ఇద్దరూ విడిపోయారు. బర్నబా మాత్రం మార్కును తనతో తీసుకెళ్లాడు. ఏళ్లు గడిచాక అదే పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర్లో, మార్కును వెంటబెట్టుకుని రా, అతను నాకు పరిచర్యకు పనికొస్తాడు అన్నాడు. మధ్యలో ఆ ఏళ్లన్నీ మార్కు ఎలా గడిపాడో మనకు తెలియదు. అతనికి ఒక బర్నబా ఉన్నాడని మాత్రం తెలుసు. నువ్వు వచ్చేటట్టయితే ముందు నీ బర్నబా ఎవరో చూసుకుని రా.

ఏ నిర్ణయమైనా తెల్లవారుజామున మూడింటికి తీసుకోకు. టికెట్ కొన్నా పగలే కొను.

అమ్మ విషయం. నీ కన్నీళ్లు చూస్తే తట్టుకోలేదని దాస్తున్నావు. వచ్చే ఆదివారం ఫోన్‌లో అంతా చెప్పనక్కర్లేదు. "అమ్మా, ఈ మధ్య సరిగా నిద్రపట్టడం లేదు, నాకు బెంగగా ఉంది" అని మొదలుపెట్టు. సంఘం ముందు ఏడ్చిన ఆ అమ్మ గర్వంతోనే ఏడ్చిందని నువ్వు అనుకున్నావు. కొంత గర్వమే అయ్యుండొచ్చు. కూతుర్ని అంత దూరం పంపుతున్న భయం కూడా అందులో ఉండదా? ఆ భయం గురించి తను కూడా తొమ్మిది నెలలుగా నీకు చెప్పలేదు.

చివరగా ఆ సూదులు. రిపోర్టులో రాయనన్నావు, రాయొద్దు. న్యూస్‌లెటర్‌లోనూ రాయొద్దు. ఆవిడను ఒక సాక్ష్యంగానో ఫొటోగానో మార్చాల్సిన పని లేదు. కానీ మొత్తం ఉత్తరంలో నువ్వు భాష రాదని బాధపడకుండా రాసిన చోటు అదొక్కటే. ఆవిడ పిలుస్తుంది, నువ్వు వెళ్తావు, వెలుతురు ఉన్న వైపు కూర్చుని దారం చివర తడిపి ఎక్కిస్తావు, ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటారు. ఈసారి నాలుగు సూదులకు బదులు రెండింటికే ఎక్కించి రా. మళ్లీ రెండు రోజుల్లో పిలుస్తుంది. ఆవిడ పేరు ఎక్కడా రాయలేదు నువ్వు. తెలియకపోతే ఈసారి వెళ్లినప్పుడు అడుగు.